మోటార్లు రాలేదు, జువ్వల గొట్టాలు అమ్మను

మా దుకాణంలో రాకెట్ కిట్లు కొన్నవారికీ, వేసవి ప్రయోగాల కోసం మోటార్లకు ముందే డబ్బు కట్టినవారికీ ఇది రాస్తున్నాను. మీరు అడిగిన బీ6, సీ6, డీ12 మోటార్లు రాలేదు. దాళ్వా కోతలయ్యాక అత్తిలి వైపు చేలల్లో జరగవలసిన ప్రయోగాలు ఆగిపోయింది అందుకే. ఇక వస్తాయని ఆశ పెట్టి మిమ్మల్ని తిప్పుకోను. వాటికి బదులు జువ్వలు కట్టేవారి చేత చేయించిన గొట్టాలు ఎందుకు అమ్మనో కూడా చెబుతాను. కట్టిన డబ్బు పూర్తిగా వెనక్కి ఇస్తున్నాను, చాలామందికి ఇచ్చేశాను కూడా. సరఫరాదారు నా డబ్బు నాకు ఇచ్చాడా అని కొందరు అడిగారు. ఇవ్వలేదు. అది నేనూ ఆయనా తేల్చుకోవలసిన లెక్క, దాని కోసం మీరు ఆగవలసిన పని లేదు.

ఈ మధ్యనే చేరిన పిల్లల తల్లిదండ్రుల కోసం మోటారు గురించి నాలుగు మాటలు చెప్పాలి. బీ6, సీ6లైతే 18 మిల్లీమీటర్ల లావు, 70 మిల్లీమీటర్ల పొడవు ఉన్న అట్టగొట్టం అది. అడుగున మంట బయటికి చిమ్మే మట్టి నాజిల్, దాని మీద గట్టిగా అదిమిన తుపాకి మందు, ఆపైన నిదానంగా కాలే ఆలస్యపు మందు, చివర ప్యారాచూట్‌ను బయటికి నెట్టే మందు కొద్దిగా. గొట్టం మీద సీ6-5 అని ఉంటే మొత్తం ప్రచోదనం, అంటే మోటారు మొత్తంగా ఇచ్చే తోపు, 5 నుంచి 10 న్యూటన్ సెకన్ల మధ్య, సగటు అభిబలం, అంటే పైకి నెట్టే బలం, 6 న్యూటన్లు, మందు కాలిపోయిన 5 సెకన్లకు ప్యారాచూట్ తెరుచుకోవాలి. అక్షరం ఒక మెట్టు పెరిగితే ప్రచోదనం పరిమితి రెట్టింపవుతుంది. మిగిలిన కిట్టంతా మనం జిగురుతో అతికించుకోగలం, విరిగితే మళ్లీ చేసుకోగలం. మోటారు ఒక్కటే తయారీదారు చేతిలో ఉంటుంది. అది లేకపోతే ఎంత అందంగా రంగు వేసిన రాకెట్ అయినా అల్మరాలో బొమ్మే.

మన దేశంలో ఇలాంటి సరుకు దిగుమతికీ నిల్వకూ 2008 నాటి పేలుడు పదార్థాల నిబంధనల కింద లైసెన్సు కావాలి. ఆ వ్యవహారాలు చూసే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ (పెసో) కేంద్ర కార్యాలయం నాగపూర్‌లో ఉంది. తపాలాలో పంపడానికి వీల్లేదు, మామూలు పార్సిల్‌లా విమానంలో ఎక్కించడానికీ వీల్లేదు. నా దుకాణంలో నేను ఒక్క మోటారు కూడా ఉంచను. లైసెన్సు ఉన్న దిగుమతిదారు తన వాహనంలో నేరుగా ప్రయోగస్థలానికి తెస్తాడు, మిగిలినవి తిరిగి తీసుకుపోతాడు. ఇన్నాళ్లూ అలాగే నడిచింది.

ఈసారి ఆ పెద్దమనిషి ఏం చేశాడో మీకు తెలియాలి. పేరు రాయను. సంక్రాంతికి ముందు సరుకు సిద్ధమన్నాడు. ఎప్పుడూ సగం తీసుకునేవాడు, ఈసారి మొత్తం డబ్బు ముందే కావాలన్నాడు, పంపాను. మార్చిలో ఓడరేవులో కాగితాల దగ్గర ఆగిందన్నాడు. ఏప్రిల్‌లో సీ6-3కి బదులు సీ6-7 పంపిస్తాను, రెండూ సీ6లే కదా అన్నాడు. ఈ వ్యాపారంలో ఉన్న మనిషి అనవలసిన మాటేనా అది? గుడ్డును మోసుకెళ్లే బరువైన రాకెట్‌కు మూడు సెకన్ల ఆలస్యం కావాలి. ఏడు పెడితే పైకి పోయినంత పోయి, తిరగబడి, ముక్కు కిందికి పెట్టి నేలకు వచ్చేసేదాకా ప్యారాచూట్ రాదు. చేలో పిల్లలు నిలబడి ఉంటారు. వద్దన్నాను. అయితే అసలువే పంపుతాను అన్నాడు. ప్రయోగానికి ముందు రోజు రాత్రి బండి బయలుదేరిందని చెప్పాడు. తెల్లవారి ఫోను తీయలేదు.

ఆ పొద్దున తణుకు, పాలకొల్లు, భీమవరం నుంచి పిల్లలు వచ్చారు. పోలీసులకు తెలియజేసి, రైతును అడిగి, కోసిన చేలో గడ్డి పక్కకు లాగి, ప్యాడ్ చుట్టూ నేల తడిపి అన్నీ సిద్ధం చేశాం. పాలకొల్లు బడి నుంచి వచ్చిన ఒక అమ్మాయి తేలికైన బాల్సా చెక్క రెక్కలకు ఉప్పుకాగితం పట్టి, అంచులు బ్లేడులా పలచన చేసి, ఊదారంగు వేసింది. బస్సులో ఎవరి మోచేయి తగులుతుందోనని దారంతా ఒడిలో పెట్టుకుని తెచ్చింది. పది గంటలకు ఎండ నెత్తికెక్కాక మోటార్లు రావడం లేదని అందరికీ చెప్పవలసి వచ్చింది. ఆ అమ్మాయి ఏమీ అనకుండా రాకెట్‌ను మళ్లీ పాత పంచెలో చుట్టుకుంది. ఆ సంగతి సరఫరాదారుకు చెప్పాను. వ్యాపారంలో ఇలాంటివి మామూలే అన్నాడు. నా వ్యాపారంలో మామూలు కాదు.

తరువాత ఆయన చెప్పిన కారణం నన్ను ఇంకా బాధపెట్టింది. ప్రపంచమంతా అమోనియం పెర్‌క్లోరేట్ అనే రసాయనానికి కొరత ఉందట, అందుకే మన తుపాకి మందు మోటార్లు రాలేదట. పెర్‌క్లోరేట్ సరఫరా ఎంత సున్నితమైనదో నాకు తెలుసు. 1988 మే 4న అమెరికాలో నెవాడా రాష్ట్రంలోని హెండర్సన్‌లో పెర్‌క్లోరేట్ కర్మాగారం పేలిపోయింది, ఇద్దరు చనిపోయారు. అప్పటికి ఆ దేశంలో దాన్ని తయారుచేసేవి రెండే కర్మాగారాలు, అందులో అదొకటి. అయితే ఆ రసాయనం వాడేది కాంపోజిట్ మోటార్లలో. పెర్‌క్లోరేట్, అల్యూమినియం పొడి, రబ్బరు లాంటి బంధకం కలిపిన ఇంధనం అది. మన పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మొదటి దశలో మండేదీ ఆ కుటుంబపు ఇంధనమే. మనం అడిగిన బీ6, సీ6, డీ12లలో ఉన్నది తుపాకి మందు. సూరేకారం, బొగ్గు, గంధకం. పెర్‌క్లోరేట్ రవ్వంత కూడా ఉండదు. రాకెట్ల దుకాణం నడిపేవాడికి ఆ మాత్రం తెలియదనుకున్నాడా? సరుకు లేదంటే ఒప్పుకునేవాణ్ని. ఇంకెవరికైనా అమ్ముకున్నానన్నా ఒక మాట అని ఊరుకునేవాణ్ని. ఈ మాట అన్నాక మాత్రం ఆయన సగం ధరకు ఇచ్చినా నాకు వద్దు.

ఇక అసలు విషయానికి వస్తాను. నాకు నిద్ర లేకుండా చేసింది సరఫరాదారు కాదు, ఆ తరువాత వచ్చిన ప్రతిపాదన.

మన గోదావరి జిల్లాల్లో జాతరలకూ తీర్థాలకూ జువ్వలు కట్టే కుటుంబాలు చాలా ఉన్నాయి. అందులో ఒక పెద్దాయన ప్రయోగం ఆగిపోయిన సంగతి విని దుకాణానికి వచ్చాడు. “బాబూ, మా తాతల నాటి నుంచి జువ్వలు కడుతున్నాం. గొట్టం ఎంత లావు కావాలో, ఎన్ని సెకన్లు కాలాలో చెప్పు, చేసిపెడతాను” అన్నాడు. ధర దిగుమతి సరుకులో నాలుగో వంతు కూడా లేదు. మనిషి మంచివాడు, చేతిలో పనితనం ఉంది. అట్ట చుట్టిన తీరు చూస్తే ముచ్చటేసింది. మీలో చాలామంది తీసుకోమన్నారు. ఇంజనీరింగ్ కళాశాలలో పాఠం చెప్పే మన పాత ఖాతాదారు ఒకాయన గట్టిగానే వాదించాడు. అమెరికాలో మోడల్ రాకెట్ మోటార్లు తయారుచేసిన వెర్న్ ఎస్టెస్‌ది కూడా బాణసంచా కుటుంబమే కదా, ఆయన చేస్తే గొప్ప, మనవాడు చేస్తే భయమా అని.

ఆ మాట నాకు గుచ్చుకుంది, ఎందుకంటే అందులో నిజముంది. 1954లో తొలి మోడల్ రాకెట్ చేసిన ఆర్విల్ కార్లైల్ నెబ్రాస్కాలో చెప్పుల దుకాణం నడిపేవాడు, బాణసంచా ఆయనకు ఇష్టమైన విద్య. అప్పట్లో అమెరికాలో కుర్రాళ్లు సొంతంగా మందు కూరి రాకెట్లు చేయబోయి వేళ్లూ కళ్లూ పోగొట్టుకునేవారు. ఆ ప్రమాదాల గురించి రాకెట్ ఇంజనీరు హ్యారీ స్టైన్ రాసిన వ్యాసం చదివి, కార్లైల్ తన నమూనాలు ఆయనకు పంపాడు. మందు కూరే పని పిల్లల చేతిలోంచి తీసేసి, సిద్ధమైన మోటారు ఇవ్వాలన్నదే ఆ ఇద్దరి ఆలోచన. ఆ మోటార్లు పెద్ద ఎత్తున కావలసి వచ్చినప్పుడు వెర్న్ ఎస్టెస్ వాటిని మనుషుల చేత కూరించలేదు. 1950ల చివరికి మేబెల్ అని పేరు పెట్టుకున్న యంత్రం ఒకటి తయారుచేశాడు. కొన్ని సెకన్లకు ఒక మోటారు చొప్పున, ఒకే ఒత్తిడితో అదిమేది అది. కుటుంబం బాణసంచాదే కావచ్చు, మోటారును నమ్మదగినదిగా చేసింది మాత్రం ఆ యంత్రమూ, ఆ తరువాతి పరీక్షలూ.

అయినా పెద్దాయనను ఊరికే పొమ్మనలేదు. ఆయన ఇచ్చిన నమూనాలను కళాశాల ప్రయోగశాలలో, నెట్టే బలాన్ని కొలిచే లోడ్ సెల్ మీద, లెక్చరర్ల సమక్షంలో, దూరం నుంచి మండించారు. కంప్యూటర్ తెర మీద గీతలు చూస్తూ నేను పక్కనే ఉన్నాను. ఏ రెండూ ఒకేలా లేవు. ఒకటి మొదట్లోనే అంతా కక్కేసింది, ఇంకొకటి నింపాదిగా కాలింది. ఒక గొట్టం పక్కనుంచి కాలి నల్లటి రంధ్రం పడింది. ఆలస్యం ఒకదానికి అసలు లేనట్టే, పైకి పోతూండగానే ప్యారాచూట్ తెరుచుకుని చిరిగిపోయేది. జువ్వకు ఇవేవీ లోపాలు కావు. జువ్వ పైకి పోయి మెరిస్తే చాలు, దాన్ని తిరిగి క్షేమంగా దింపుకోవాలని ఎవరూ అనుకోరు. మనకు దింపుకోవడమే సగం ఆట.

దీనికి తోడు ఇంకో కారణం ఉంది. 2025 అక్టోబరులో కోనసీమ జిల్లా రాయవరం మండలంలో బాణసంచా తయారీ కేంద్రం పేలిన సంగతి మీ అందరికీ తెలుసు. కూలికి వెళ్లినవారు ఇళ్లకు తిరిగి రాలేదు. నేను ఆర్డరు ఇస్తే ఏదో ఒక షెడ్డులో కొత్త కొలతల గొట్టంలో, అలవాటు లేని పనిగా మందు అదిమేది అలాంటి కూలీలే. బాణసంచాకు ఉన్న అనుమతి మోటారుకు కూడా చెల్లుతుందని నాకు ఎవరూ కాగితం మీద రాసివ్వలేదు. ఆ రెండూ కలిపి చూసుకున్నాక వద్దని చెప్పాను. పెద్దాయన నొచ్చుకున్నాడు, కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. నాకూ బాధగానే ఉంది.

విదేశీ సరుకు అయితేనే అమ్ముతానని ఊళ్లో అంటున్నవారికి ఒకటే చెబుతాను. 1963 నవంబరు 21న కేరళలోని తుంబా నుంచి లేచిన తొలి రాకెట్ నైకీ అపాచీ, అమెరికా నుంచి వచ్చినది. నాలుగేళ్లకు 1967లో మన రోహిణి-75 లేచింది. మన దేశంలో లైసెన్సుతో, యంత్రం మీద, పరీక్షల ఫలితాలతో సీ6కు సమానమైన మోటారు ఎవరు చేసినా మొదటి పెట్టెకు డబ్బు నేను కడతాను.

అసలు మనకు ఏం కావాలో తయారీదారులకు తెలుస్తోందా అని నాకు అనుమానం. పెద్ద మోటార్ల ప్రకటనలే ఎక్కువగా కనిపిస్తాయి. నా దుకాణం పుస్తకంలో రాసి ఉన్నవి చూస్తే బడిపిల్లలు అడిగేది ఏ8-3, బీ6-4. కళాశాలవారు అడిగేది 24 మిల్లీమీటర్ల డీ12, అందులోనూ తక్కువ ఆలస్యం ఉన్న డీ12-3. కొత్త రకాలు ఎవరూ అడగలేదు. ఉన్న రకాలే ఏడాది పొడవునా దొరకాలన్నారు. మన చేలు ఖాళీగా ఉండేవి దాళ్వా కోతల తరువాత, ఆపైన సార్వా కోతలకూ దాళ్వా నాట్లకూ మధ్య దొరికే కొద్ది రోజులు. అప్పుడు మోటారు లేకపోతే చేలో నీళ్లు నిలిచాక వచ్చి ఏం లాభం? కోనసీమలో కొబ్బరితోటలు, ఆకివీడు వైపు రొయ్యల చెరువులు, వాటి మధ్య ఎగరేయలేం.

ఇంకొకటి కూడా అడగాలి. గొట్టం మీద తయారీ తేదీ గుర్తు ఉంటుంది, దాన్ని అమ్మకానికి ముందే చూపించాలి. తుపాకి మందు మోటారును రేకుల గోదాములో పగలు కాగనిచ్చి రాత్రి చల్లారనిస్తూ నెలల తరబడి ఉంచితే, మందు గొట్టం గోడను వదిలేస్తుంది. ముట్టించగానే మంట ఆ సందులోకి దూరి మోటారు పగులుతుంది. మన వేసవిలో అలాంటి గోదాము నుంచి వచ్చిన సరుకు నాకు వద్దు, ఎంత చవకైనా.

ఇకముందు ఏమిటంటే, వేరే దిగుమతిదారుతో మాట్లాడుతున్నాను. సరుకు చేలోకి వచ్చాకే డబ్బు, తేదీ గుర్తుల ఫొటోలు ముందే పంపాలి, అడిగిన ఆలస్యానికి బదులు మరొకటి పంపకూడదు. ఈ మూడింటిలో ఒక్కటీ వదులుకోను. ఆయన ఇంకా సరేననలేదు. ఒప్పుకుంటే సార్వా కోతల తరువాత ప్రయోగం పెడతాను, లేకపోతే పెట్టను. అప్పటిదాకా కిట్లు, బాల్సా, ప్యారాచూట్ గుడ్డ, లాంచ్ కంట్రోలర్లు ఎప్పటిలాగే దొరుకుతాయి. బడులకు నీటి రాకెట్లు చేసి చూపిస్తాను, అందుకు డబ్బు తీసుకోను. మోటార్ల కోసం ఎవరి దగ్గరా ముందస్తు డబ్బు తీసుకోవడం మానేశాను.

డబ్బు వెనక్కి తీసుకోవలసినవారు సాయంత్రం ఐదు తరువాత దుకాణానికి రండి. రసీదు పోయినా ఫరవాలేదు, పేర్లన్నీ పుస్తకంలో ఉన్నాయి. మీకు కావలసిన మోటారు రకం, ఆలస్యం, ఎన్ని కావాలో కూడా చెప్పి వెళ్లండి. ఆ జాబితానే కొత్త దిగుమతిదారుకూ, ఆయన ద్వారా తయారీదారుకూ పంపిస్తున్నాను. డీ12-3 పేరు దాని మొదటి వరుసలోనే ఉంది.