నెట్‌వర్క్ కార్డు కంపెనీకి ఫిర్యాదు లేఖ: మీరు చదవని రెండు సవరణలు

తెనాలి,
18 నవంబరు 2024.

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

విషయం: కంప్యూటర్‌ను నెట్‌వర్క్‌కు కలిపే ఈథర్నెట్ కార్డు డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) గురించి ఆరు నెలలుగా చేస్తున్న విన్నపాలను పట్టించుకోకపోవడం, పైగా వారంటీ చెల్లదని రాయడం.

అయ్యా,

మా డిగ్రీ కళాశాల కంప్యూటర్ ల్యాబ్‌కు 2009 నుంచి మీ కంపెనీ స్విచ్‌లు, నెట్‌వర్క్ కార్డులే కొంటున్నాం. ల్యాబ్ బాధ్యత మొదటినుంచీ నాదే. ఈ పదిహేనేళ్లలో మీకు ఒక్క ఫిర్యాదూ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నది కూడా కార్డు పాడైందని కాదు. ఆరు నెలలుగా నేను చెబుతున్న మాటను మీ దగ్గర ఒక్కరైనా చివరిదాకా వినలేదని రాస్తున్నాను.

సాంకేతిక విషయం నిజానికి చిన్నది. 2022 జులైలో మీ కార్డులు 24 కొన్నాం. విండోస్ లాంటిదే మరో ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్‌లో పనిచేస్తుందని పెట్టె మీద మీరే అచ్చువేశారు. లినక్స్‌కు గుండెకాయ లాంటి కర్నెల్‌తో పాటు వచ్చే డ్రైవర్లలో ఈ కార్డుకు తగినది లేదు కాబట్టి, మీ వెబ్‌సైట్‌లో పెట్టిన డ్రైవర్ సోర్సును (ప్రోగ్రామ్ మూల రాతను) దించుకొని, డెబియన్ 11 అనే లినక్స్ విడుదల మీద కంపైల్ చేసుకున్నాను, అంటే నడిచే ప్రోగ్రామ్‌గా మార్చుకున్నాను. దాదాపు రెండేళ్లు చక్కగా నడిచింది. ఆ విడుదలకు మామూలు భద్రతా సవరణల గడువు ఈ ఆగస్టుతో ముగుస్తుందని తెలిసి, పిల్లల చదువుకు అడ్డు రాకుండా మే నెల సెలవుల్లోనే డెబియన్ 12కు మారాం. అందులో ఉన్నది 6.1 కర్నెల్. దాని మీద మీ సోర్సు కంపైల్ కాలేదు. కార్డు సిస్టమ్‌కు కనబడుతోంది, దాన్ని నడిపే డ్రైవర్ మాత్రం లేదు. నెట్‌వర్క్ లేని కంప్యూటర్‌లో నెట్‌వర్క్ డ్రైవర్ తయారు చేయాలంటే కంపైలర్‌ను, దానికి కావలసిన కర్నెల్ హెడర్ ఫైళ్లను ఇంకెక్కడో దించుకొని పెన్‌డ్రైవ్‌లో మోసుకురావాలి. ఆ పని కూడా చేశాను.

అప్పుడు మీ సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. నలభై నిమిషాలు సంగీతం విన్న తర్వాత పలికిన మొదటి ఉద్యోగి నా దగ్గర విండోస్ ఎన్నో వెర్షన్ ఉందని అడిగాడు. లినక్స్ అని చెబితే, తన ఫారంలో ఆ పేరు లేదని ‘ఇతరములు’ అని రాసుకున్నాడు. 48 గంటల్లో ఫోన్ వస్తుందన్నాడు. ఫోన్ రాలేదు. మూడో రోజు, వినియోగదారు స్పందించనందున ఫిర్యాదును మూసివేశామని మెయిల్ వచ్చింది. ఆ మూడు రోజులూ నేను ఫోన్ జేబులోనే పెట్టుకొని తిరిగాను.

రెండోసారి చేస్తే డివైస్ మేనేజర్ తెరవమన్నారు. అది విండోస్‌లో ఉంటుంది, నా దగ్గర లేదని మూడుసార్లు చెప్పినా, అది తెరిస్తే తప్ప ముందుకు వెళ్లలేమన్నారు. మూడోసారి కేబుల్ మార్చమన్నారు. కంపైల్ ఆగిన చోట వచ్చిన సందేశాన్ని అక్షరం పొల్లుపోకుండా చదివి వినిపించాక కూడా కేబుల్ మార్చమనే అన్నారు. నాలుగో ఉద్యోగి, కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు కలిపి ఉంచితే కొత్త డ్రైవర్ దానంతట అదే దిగుతుందని హామీ ఇచ్చాడు. నెట్‌వర్క్ కార్డు పనిచేయడం లేదని చెబుతున్న మనిషికి ఆ సలహా ఇచ్చేముందు ఒక్క క్షణం ఆలోచించాల్సిన అవసరం ఎవరికీ కనబడలేదు.

జూన్‌లో కార్డును సంచిలో పెట్టుకొని రైలెక్కి విజయవాడలోని మీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లాను. ఉదయం పది నుంచి రెండు దాకా కూర్చోబెట్టారు. చివరికి దాన్ని విండోస్ ఉన్న కంప్యూటర్‌లో బిగించి, లైటు వెలగగానే ‘లోపం లేదు’ అని చీటీ రాసి, పరీక్ష రుసుమని 350 రూపాయలు తీసుకున్నారు. లోపం కార్డులో లేదు, డ్రైవర్ సోర్సులో ఉందని రాసుకుపోయిన కాగితాన్ని కౌంటర్ మీద పెడితే, అది తమ పరిధిలోకి రాదని తిరిగి నా చేతికే ఇచ్చారు.

ఆ రాత్రి నేనే మీ సోర్సు ముందు వేసుకొని కూర్చున్నాను. మూడు రాత్రులు పట్టింది. కర్నెల్‌లో నెట్‌ఇఫ్ నాపి యాడ్ అనే ఫంక్షన్ పాత రోజుల్లో నాలుగు విలువలు తీసుకునేది. 6.1 నుంచి మూడే తీసుకుంటుంది. మీ వాళ్లు చివర ఇచ్చిన 64 అనే అంకెను తీసేస్తే చాలు. రెండోది, కార్డు హార్డ్‌వేర్ చిరునామాను మీ డ్రైవర్ నేరుగా రాసేస్తోంది. 5.17 నుంచి కర్నెల్ దాన్ని ఒప్పుకోదు, అందుకోసం ఉన్న ఫంక్షన్ ద్వారానే రాయాలి. ఈ రెండు చోట్లా సరిచేసి, పాత కర్నెల్‌లో పాత పద్ధతే నడిచేలా షరతు కూడా పెట్టాను. మా 24 కంప్యూటర్లూ మళ్లీ నెట్‌వర్క్‌లోకి వచ్చాయి. కొత్త కర్నెల్ వచ్చినప్పుడల్లా డీకేఎంఎస్ అనే సాధనం డ్రైవర్‌ను దానంతట అదే మళ్లీ కంపైల్ చేస్తోంది.

అంతటితో ఊరుకోవచ్చు. కానీ నా మాట విని గుంటూరు జిల్లాలో మరో మూడు కళాశాలలు ఇవే కార్డులు కొన్నాయి. వాళ్ల ల్యాబ్‌లలో సోర్సు తెరిచి చూసే ఓపిక, తీరిక అందరికీ ఉండవు. అందుకని జులై 2న ఆ సవరణను మీకు మెయిల్ చేశాను. మీ డ్రైవర్ పేజీలో పెట్టండి, నా పేరు కూడా అక్కర్లేదు అని రాశాను. కంప్యూటర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేసి చూడమని జవాబు వచ్చింది. ఆగస్టులో మళ్లీ పంపాను. జవాబు లేదు. సెప్టెంబరులో ఫోన్ చేస్తే ఒక అమ్మాయి తీసింది. అంతా ఓపికగా విని, ‘సార్, మాకు లినక్స్ గురించి ఏమీ నేర్పలేదు, ఒక్కో కాల్‌ను ఆరు నిమిషాల్లో ముగించాలి, పై వాళ్లకు పంపుతాను’ అంది. ఆ అమ్మాయి మీద నాకు ఏ కోపమూ లేదు. ఆరు నెలల్లో నాతో నిజం చెప్పింది ఆ ఒక్కతే. ఆమెను ఆ కుర్చీలో అలా కూర్చోబెట్టిన వాళ్ల మీదే నా కోపమంతా.

ఆమె పై వాళ్లకు పంపినట్టే ఉంది. అక్టోబరు 21న మీ కంపెనీ నుంచి మొదటిసారి, నా మెయిల్ తెరిచి చూశారని తెలిసే ఉత్తరం వచ్చింది. అందులో ఏముందంటే, డ్రైవర్‌ను నేను మార్చాను కాబట్టి 24 కార్డులకూ మూడేళ్ల వారంటీ చెల్లదట. ఆ ఉత్తరం చదివి చాలాసేపు కదలలేకపోయాను. మీ సోర్సు ప్రతి ఫైలు మొదట్లోనూ జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్స్ రెండో వెర్షన్ కింద ఇస్తున్నామని మీరే రాశారు. మార్చుకునే హక్కు, మార్చినదాన్ని పంచే హక్కు ఆ లైసెన్స్ ఎవరికైనా ఇస్తుంది. మీరు ఇచ్చిన హక్కును, అదీ మీ పని చేసిపెట్టడానికి వాడుకుంటే, మీరే శిక్ష వేశారు.

ఆ ఉత్తరాన్ని రాతపూర్వకంగా వెనక్కి తీసుకోండి. సవరణను మీ ఇంజనీర్ ఒకరు చదివి, సరైనదైతే డ్రైవర్ పేజీలో పెట్టాలి. కాకపోతే ఎందుకు కాదో నాకు రాయాలి. ఆ 350 రూపాయలు కూడా తిరిగి ఇవ్వాలి, ఎందుకంటే లేని లోపాన్ని వెతకమని నేను అడగలేదు. ఈ లేఖ అందిన 15 రోజుల్లో ఇవి జరగకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాను. ఆ చట్టం ప్రకారం నేనున్న జిల్లాలోనే కేసు వేయవచ్చు, ఐదు లక్షల రూపాయల లోపు కొనుగోలుకు రుసుము కూడా లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లోనూ నమోదు చేస్తాను. కొత్త ల్యాబ్‌కు వచ్చే ఏడాది కొనబోయే సామాన్ల జాబితాలో మీ పేరు ఉండాలా వద్దా అని ప్రిన్సిపాల్ గారు అడిగారు. మీ జవాబు చూశాకే చెబుతానన్నాను.

భవదీయుడు,
కంప్యూటర్ ల్యాబ్ బాధ్యుడు.

జతపరిచినవి: కొనుగోలు రసీదు నకలు, సర్వీస్ సెంటర్ చీటీ, అక్టోబరు 21 నాటి మీ ఉత్తరం, రెండు సవరణల ప్రతి (మూడోసారి పంపుతున్నాను).