నంబర్ వన్ స్టేషన్ ఎన్నాళ్లుంటుంది?

ఒరేయ్ మామా,

నీ ఉత్తరమూ, దాంతో పాటు పంపిన రేటింగుల కాగితమూ అందాయి. ఉత్తరం గబగబా చదివేశాను గానీ కాగితం ముందు మాత్రం చాలాసేపు కూర్చున్నాను. అమెరికా వెళ్లాక నీకు కార్ల పిచ్చి పడుతుందనుకున్నాం అందరం. తీరా చూస్తే కారులో ఉండే రేడియో పిచ్చి ముదిరింది. మంచిదే, నాకూ కబుర్లకి ఒక మనిషి దొరికాడు.

మీ ఊళ్లో రాక్ వేసే స్టేషన్ ఒకటి రాత్రికి రాత్రి పాత హిప్‌హాప్‌కి మారిందనీ, చూస్తుండగానే పట్టికలో మూడో స్థానానికి ఎక్కిందనీ, ఇక పదేళ్ల దాకా దాన్ని కదిలించేవాడు లేడనీ రాశావు. పందెం కాస్తావా అన్నావు. కాస్తాను. ఆ స్టేషన్ మీద నాకేం కోపం లేదు, పాటలూ బాగానే వేస్తుండొచ్చు. కానీ ఎక్కిన వేగం చూసి ఎంతకాలం నిలుస్తుందో చెప్పేయడం ఉందే, అది రేడియోలో పండిపోయిన వాళ్లనే ముంచింది.

హూస్టన్ సంగతి తీసుకో. 2014 అక్టోబరులో అక్కడ రోజంతా వార్తలు చెప్పే ఎఫ్‌ఎం స్టేషన్ ఒకటి, వినేవాళ్లు లేక వార్తలు కట్టిపెట్టి, ‘బూమ్ 92’ అని పేరు పెట్టుకుని అచ్చం నువ్వు చెప్పిన పాత హిప్‌హాప్ మొదలుపెట్టింది. అడుగున పడి ఉన్న స్టేషన్ రేటింగులు ఒక్కసారిగా లేచాయి. అది చూసి దేశంలో ఊరూరా స్టేషన్లు అదే దారి పట్టాయి. 2017 మొదట్లో చూస్తే ఆ బూమ్ కూడా లేదు, ఆ ఫ్రీక్వెన్సీ మీద కొత్త హిట్ పాటలు వస్తున్నాయి. వెంటపడిన వాటిలోనూ చాలావరకు మళ్లీ దారి మార్చుకున్నాయి.

ఇంకా పాత ముచ్చట ఒకటి ఉంది, నాకు మహా ఇష్టం. 1978 జులైలో న్యూయార్క్‌లో డబ్ల్యూకేటీయూ అనే స్టేషన్ మెత్తటి రాక్ పాటలు ఆపేసి డిస్కోకి మారింది. ఆ ఏడాది చివర వచ్చిన రేటింగుల్లో డబ్ల్యూఏబీసీని తోసేసి నంబర్ వన్ అయింది. డబ్ల్యూఏబీసీ అంటే అల్లాటప్పా స్టేషన్ కాదు, అరవైల నుంచీ టాప్ 40కి, అంటే అప్పటి పెద్ద హిట్ పాటలకు, అదే పెద్ద దిక్కు. ఇక డిస్కోదే రాజ్యమన్నారు. మరుసటి ఏడాది జులై 12న చికాగోలో కొమిస్కీ పార్క్ అనే బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డులు పోగేసి పేల్చారు, గుర్తుందిగా? ఆ తతంగం నడిపిన స్టీవ్ డాల్ కూడా రేడియో మనిషే. తను పనిచేసే స్టేషన్ డిస్కోకి మారడంతో ఉద్యోగం పోయి, ఆ కసితో ఉన్నవాడు. సరే, డబ్ల్యూకేటీయూ మెల్లగా డిస్కో రంగు వదిలించుకుంటూ పోయి, 1985లో రాక్ స్టేషన్ అయిపోయింది. ఓడిపోయిన డబ్ల్యూఏబీసీ అయినా బాగుపడిందా అంటే అదీ లేదు. 1982 మేలో పాటలకి పూర్తిగా స్వస్తి చెప్పి, మాటల స్టేషన్‌గా మారింది.

ఈ రెండు కథల్లోనూ పాటల తప్పేం లేదు. డిస్కో పాటలు ఇవాళ్టికీ పెళ్లిళ్లలో వేస్తూనే ఉన్నారు కదా అక్కడ. పాటకి ఆయుష్షు ఉన్నంత మాత్రాన, రోజంతా అదే వేసే స్టేషన్‌కి ఉండాలని లేదు. నా లెక్క ఏమిటంటే, పేరు మారకుండా లోపల పాటలు మార్చుకోగలిగిన ఫార్మాటే (అంటే ఏ రకం పాటలు వేయాలని స్టేషన్ పెట్టుకునే పద్ధతే) బతుకుతుంది. డిస్కోకి ఆ సౌకర్యం లేదు. నాలుగేళ్ల పాటల మీద కోట కట్టారు, కొత్తవి రావడం ఆగగానే కోటలో సరుకు అయిపోయింది.

ఓల్డీస్ స్టేషన్లు చూడు. న్యూయార్క్‌లోని డబ్ల్యూసీబీఎస్ ఎఫ్‌ఎం 1972 జులైలో పాత పాటలకి మారింది. అప్పుడు పాతవంటే యాభైలవీ, అరవైలవీ. 2005 జూన్ 3న దాని యజమానులకి ఏం పుట్టిందో ఏమో, ఆ సాయంత్రమే అది తీసేసి ‘జాక్’ పెట్టారు. జాక్ అంటే కెనడాలో పుట్టిన ఫార్మాట్, మాట్లాడే జాకీలు ఉండరు, ఏ కాలం పాట తర్వాత ఏ కాలం పాటైనా వస్తుంది. చాలా ఊళ్లలో బాగానే ఆడింది. న్యూయార్క్‌లో మాత్రం బోల్తా పడింది. 2007 జులై 12న పాత డబ్ల్యూసీబీఎస్ ఎఫ్‌ఎంని మళ్లీ తెచ్చి పెట్టాల్సి వచ్చింది. అభిమానం గెలిచిందని అందరూ చప్పట్లు కొట్టారు. నేనైతే వెనక్కి వచ్చిన పాటల జాబితా చూస్తాను. యాభైలవి దాదాపు మాయం, బరువంతా డెబ్బైలు, ఎనభైల వైపు ఒరిగింది. పేరు కూడా ఓల్డీస్ కాదు, క్లాసిక్ హిట్స్. తర్వాత తొంభైలవీ చేరాయి. వినేవాడికి మాత్రం ‘నా చిన్నప్పటి స్టేషనే’ అనిపిస్తుంది. ఎవరి చిన్నతనం అన్నది మాత్రం మారుతూ వచ్చింది.

ఎందుకు మార్చాలంటావా? ప్రకటనలు ఇచ్చేవాళ్లు ఎక్కువగా కొనేది 25 నుంచి 54 ఏళ్ల వయసు శ్రోతల్ని. 55 దాటాక నువ్వు ఎంత శ్రద్ధగా విన్నా వాళ్ల లెక్కలో సగం లేనట్టే. (మనకీ ఆ గీత దగ్గర పడుతోందిరోయ్.) బ్యూటిఫుల్ మ్యూజిక్ అని ఒకటుండేది, వయొలిన్లతో వాయించిన మెత్తటి బాణీలు, మాటలు దాదాపు ఉండవు. డెబ్బైల్లో చాలా పెద్ద ఊళ్లలో ఎఫ్‌ఎం మీద పైవరసలో ఉన్నది అదే. వినేవాళ్లు పారిపోలేదు, స్టేషన్‌తో పాటే ముసలివాళ్లయ్యారు. పట్టికలో పైనే ఉండి కూడా ప్రకటనలు తగ్గి, ఎనభైల్లో ఒక్కొక్కటీ మూతపడ్డాయి. రేటింగ్ ఉండీ చచ్చిపోవడం అంటే ఇదే.

ఇప్పుడు నీ కాగితం దగ్గరికి వద్దాం. నువ్వు గొప్పగా చూపించిన ఆ అంకె ఆరేళ్లు దాటిన అందరి షేర్. ఏదో ఒక రేడియో వింటున్న వాళ్లలో ఈ స్టేషన్ వింటున్నవాళ్లు నూటికి ఎంతమంది అని. బయటికి ఇచ్చేది అలా అందరినీ కలిపిన లెక్కే. 25–54లో ఎంత, ఆడవాళ్లెంత, మగవాళ్లెంత అన్నవి డబ్బు కట్టి కొనుక్కున్నవాళ్లే చూస్తారు. స్టేషన్ బతుకు తేలేది ఆ కాగితం మీద, నీ దగ్గరున్న దాని మీద కాదు.

ఆ అంకె పుట్టే పద్ధతి ఇంకా తమాషా. ఒకప్పుడు అంతటా డైరీలే, చిన్న ఊళ్లలో ఇప్పటికీ అవే. వారం రోజులు ఏ స్టేషన్ ఎప్పటి నుంచి ఎప్పటి దాకా విన్నావో రాయాలి. చాలామంది వారమంతా వదిలేసి, టీచర్లు నెలాఖరున హాజరు పట్టీ నింపినట్టు చివర్లో కూర్చుని నింపేస్తారు. అందుకే డైరీల కాలంలో గుర్తుండే పేరున్న స్టేషనే రాజు. నిజంగా ఎంతసేపు విన్నారన్నది కాదు, ఏది విన్నట్టు గుర్తుందన్నదే లెక్క. పైగా ఇంట్లో అందరికీ డైరీలిస్తారు. రోజంతా ఒకే స్టేషన్ పెట్టుకునే నలుగురున్న ఇల్లు ఒకటి తగిలిందంటే, చిన్న ఊళ్లో ఆ స్టేషన్ మేనేజర్ ఆ సీజన్‌కి మేధావి. వచ్చేసారి ఆ ఇల్లు ఉండదు, మేధావీ ఉండడు.

2007లో రేటింగులు లెక్కగట్టే ఆర్బిట్రాన్ కంపెనీ ఫిలడెల్ఫియా, హూస్టన్‌లతో మొదలుపెట్టి పెద్ద ఊళ్లలో డైరీ తీసేసి మీటర్ పెట్టింది. దాన్నే పీపీఎం అంటారు. మొదట్లో పేజర్ అంత ఉండేది, నడుముకి తగిలించుకుని తిరగాల్సి వచ్చేది. స్టేషన్ తన ప్రసారంలో మన చెవికి తెలియని సంకేతం ఒకటి కలుపుతుంది, మీటర్ దాన్ని పసిగడుతుంది. నువ్వు ఇష్టంగా వింటున్నావా, షాపులో ఎవరో పెట్టింది నీ చెవిన పడిందా అన్నది దానికి అక్కర్లేదు. డైరీలో కొన్ని స్టేషన్లే రాసేవాడు మీటర్‌లో అంతకంటే చాలా ఎక్కువ వింటున్నట్టు బయటపడ్డాడు, ఒక్కో స్టేషన్ దగ్గర గడిపే సమయం మాత్రం తగ్గింది. దాంతో ప్రాణంగా వినే కొద్దిమంది మీద బతికే స్టేషన్లు పడిపోయాయి. నల్లజాతి శ్రోతలు, స్పానిష్ శ్రోతలు ఉన్న స్టేషన్లు నమూనా సరిగ్గా లేదని గోల పెట్టాయి. న్యూయార్క్ అటార్నీ జనరల్‌గా ఉన్న ఆండ్రూ క్యూమో 2008 అక్టోబరులో ఆర్బిట్రాన్ మీద కేసు కూడా వేశాడు, మరుసటి జనవరిలో రాజీ అయింది.

అందరికంటే దెబ్బతిన్నది స్మూత్ జాజ్, అంటే ఎక్కువగా వాద్యాలతో సాగే మెత్తటి జాజ్. 1987లో లాస్ ఏంజెలెస్‌లో ‘ది వేవ్’ అనే స్టేషన్‌తో మొదలై పెద్ద ఊళ్లన్నిటికీ పాకిన ఫార్మాట్ అది. మీటర్లు వచ్చే రోజుల్లోనే న్యూయార్క్ స్టేషన్ సీడీ 101.9 2008లో పోయింది, చికాగో డబ్ల్యూఎన్‌యూఏ 2009లో పోయింది. చివరికి వేవ్ కూడా 2010లో జాజ్ తగ్గించి గాత్రం పాటల వైపు జరిగింది. జనానికి మొహం మొత్తింది, అంతే అన్నారు. నేను పూర్తిగా ఒప్పుకోను. ఆ సంకేతం దాక్కునేది ప్రసారంలోని శబ్దం చాటున. శబ్దం దట్టంగా ఉంటే సంకేతానికి చోటు ఎక్కువ. పలచటి శాక్సోఫోన్, మధ్యమధ్యలో నిశ్శబ్దం ఉంటే చోటే దొరకదు, మీటర్‌కి వినపడదు. ఇది నా ఊహ కాదు. 2014లో వోల్టైర్ అనే పెట్టె ఒకటి బజారులోకి వచ్చింది, ధర 15,000 డాలర్లు. దాని పనల్లా ఆ సంకేతాన్ని గట్టిగా పలికించడం. స్టేషన్లు ఎగబడి కొన్నాయి. అప్పటికి ఆర్బిట్రాన్‌ని కొనేసిన నీల్సన్ ముందు చిరాకుపడింది, 2015 చివర్లో తనే సంకేతాన్ని బలపరిచింది. అప్పటికి పెద్ద ఊళ్లలో స్మూత్ జాజ్ స్టేషన్లు దాదాపు మిగల్లేదు, ఉన్నా లాభపడేవో లేదో చూద్దామంటే. ఒక సంగీతం జనం మనసులోంచి పోయిందో, కొలబద్దలోంచి జారిపోయిందో చెప్పగలిగేవాడు ఎవడు చెప్పు!

ఇంకో చిన్న గమ్మత్తు. పావుగంటలో కనీసం ఐదు నిమిషాలు వింటే ఆ పావుగంట మొత్తం విన్నట్టే లెక్కేసేవారు. అందుకే చాలా స్టేషన్లలో ప్రకటనలు గంట మీద ఇరవై నిమిషాలకి పడేవి. సున్నా నుంచి ఇరవై దాకా పాటలు ఆపకపోతే మొదటి పావుగంటా దక్కుతుంది, రెండోదాంట్లో ఐదు నిమిషాలూ దక్కుతాయి. 2025 జనవరి నుంచి మీటర్ ఉన్న ఊళ్లలో ఐదు కాస్తా మూడు చేశారు. ఆ నెల చాలా స్టేషన్ల అంకెలు పెరిగాయి. పాటలు అవే, జాకీలు వాళ్లే.

క్రిస్మస్ పాటల సంగతి నీకే ఎక్కువ తెలుసు, నవంబరు రాగానే నెత్తిన కొట్టినట్టు మొదలుపెడతారని పోయినసారి తిట్టావుగా. మీటర్ ఏడాదిని 13 ముక్కలు చేస్తుంది. పదమూడోది పండగ ముక్క. ఆ ముక్కలో ఆ స్టేషన్లు ఆకాశంలో ఉంటాయి, జనవరిలో నేల మీదికొస్తాయి. దాన్ని చూసి ఏడాది పొడుగునా క్రిస్మస్ పాటలు వేద్దామని ఏ మేనేజరూ అనడు. మరి కొత్తగా మారిన స్టేషన్‌కి మొదటి నెలల్లో వచ్చే ఊపుని మాత్రం శాశ్వతమని ఎందుకు నమ్ముతారో నాకు అంతుపట్టదు. కొత్తదనం కూడా ఒక సీజనే కదరా.

అందుకని పందెం షరతులు రాస్తున్నాను, చూసుకో. మూడేళ్ల తర్వాత ఆ స్టేషన్ అదే ఫార్మాట్‌లో ఉంటే నువ్వు గెలిచినట్టు. పేరు మార్చి, లోపల పాటలు అవే ఉంచితే కూడా నువ్వే గెలిచినట్టు, చూశావా ఎంత ధర్మంగా ఉన్నానో. పేరు అదే ఉండి పాటలు కొత్త కాలానికి జరిగితే మాత్రం నాది.

వచ్చే నెల కాగితం పంపేటప్పుడు షేర్ ఒక్కటే కాకుండా, వారం మొత్తంలో ఎంతమంది ఆ స్టేషన్‌ని తాకారన్న క్యూమ్ అంకె కూడా చూసి పంపు. క్యూమ్ తగ్గకుండా షేర్ మాత్రమే పడిపోతే, జనం వస్తున్నారు గానీ కూర్చోవట్లేదని అర్థం. అది మొదలైందంటే నువ్వు డబ్బులు సిద్ధం చేసుకోవచ్చు. ఆ స్టేషన్ ఒక రోజులో ఒకే పాట ఎన్నిసార్లు వేస్తోందో కూడా వీలైతే రాసుకో, పొద్దున ఆఫీసుకి వెళ్లేటప్పుడూ, సాయంత్రం వచ్చేటప్పుడూ వింటే చాలు. అన్నట్టు చెల్లెమ్మ ఏ స్టేషన్ పెడుతుందో రాయలేదు. అడిగి రాయి, నీ మాట కంటే తన మాటే నాకు గట్టి ఆధారం.

ఇట్లు,
నీ నేస్తం