దెయ్యం సినిమాలు చూస్తూనే నిద్రపోవడం నేర్చుకున్నాను

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో ఒక పెద్దాయన రాసిన లేఖ చదివాను. దెయ్యాల సినిమాలు కుర్రకారు మనసులు పాడుచేస్తున్నాయని, బెంగళూరులో ఉద్యోగాలు చేసుకునే మన పిల్లలు రాత్రిళ్ళు అవే చూస్తూ నిద్ర చెడగొట్టుకుని ఆ తర్వాత టెన్షన్, డిప్రెషన్ అంటూ డాక్టర్ల చుట్టూ తిరుగుతున్నారని ఆయన బాధపడ్డారు. ఆ బాధ వెనక పిల్లల మీద ప్రేమే కనిపించింది, అందుకే నాకు కోపం రాలేదు. కానీ నా విషయంలో అంతా తలకిందులుగా జరిగింది. నా నిద్ర ముందే పోయింది, డాక్టరు దగ్గరికి ముందే వెళ్ళాను, దెయ్యాల సినిమాలు ఆ తర్వాత వచ్చాయి. నిద్ర తిరిగి రావడంలో వాటి పాత్ర కూడా ఉంది. ఆ సంగతి చెప్పాలనే ఈ ఉత్తరం, కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి.

మాది హిందూపురం. నాకు 34 ఏళ్ళు, మారతహళ్ళిలో అద్దెకుంటూ ఒక కంపెనీ అకౌంట్స్‌లో పనిచేస్తున్నాను. 2021 మే నెలలో మా నాన్న కోవిడ్‌తో పోయారు. ఆయన అక్కడ, నేను ఇక్కడ, మధ్యలో ఉన్నది వంద కిలోమీటర్లే, అయినా వెళ్ళలేకపోయాను. ఆసుపత్రి నుంచి ఫోను వస్తే ఆక్సిజన్ గురించి, లేకపోతే డబ్బు గురించి. ఆఖరి ఫోను తెల్లవారుజామున మూడింటికి వచ్చింది. ఆ తర్వాత ఏ ఫోను మోగినా, అది బ్యాంకు వాళ్ళదైనా కొరియర్ అబ్బాయిదైనా, గుండె గొంతులోకి వచ్చేసేది. అరచేతులు చల్లబడిపోయేవి, ఊపిరి సగంలో ఆగిపోయేది, ఇంక నేను కూడా పోతున్నాను అనిపించేది. గుండెపోటేమోనని రెండుసార్లు ఆటో ఎక్కి ఆసుపత్రికి పరిగెత్తాను. ఈసీజీ బాగుంది, ఇది పానిక్ అటాక్, సైకియాట్రిస్టును కలవమ్మా అని అక్కడి డాక్టరు చెప్పాక కూడా నాలుగు నెలలు వాయిదా వేశాను. నాకేమన్నా పిచ్చా అన్న ఒక్క మాట కాళ్ళకు అడ్డం పడింది. నాలాంటి వాళ్ళు ఎంతమంది ఉన్నారో తర్వాత తెలిసింది. ఇక్కడ బెంగళూరులోనే ఉన్న జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు 2015-16లో 12 రాష్ట్రాల్లో సర్వే చేస్తే పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళలో వందకు పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారట, జబ్బును బట్టి వాళ్ళలో 70 నుంచి 92 శాతం మందికి వైద్యమే అందడం లేదట.

మొత్తానికి వెళ్ళాను. మందులు రాశారు, వారం వారం కౌన్సెలింగ్ మొదలైంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఆఫీసులో పనిచేసే నెల్లూరు అక్క ఒకావిడ, ఒంటరిగా గదిలో కూర్చుని ఏం చేస్తావు రా అని శుక్రవారం రాత్రి వాళ్ళింటికి లాక్కెళ్ళింది. అక్కడ ఎనిమిది మంది తెలుగు వాళ్ళు, గోడ మీద తెల్ల దుప్పటి, ప్రొజెక్టరు, ఒక గిన్నె నిండా మురుకులు. దెయ్యం సినిమా అని తెలియగానే వెనక్కి తిరిగాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు చెయ్యెత్తు, ఆపేస్తాం అంది అక్క. ఆ మాట మీదే తలుపు పక్కన, చెప్పులకు దగ్గరగా కూర్చున్నాను.

అరగంట అయ్యాక చీకటి హాల్లో ఒక పాత ల్యాండ్‌లైన్ ఫోను మోగే సీను వచ్చింది. నేను లేచి నిలబడిపోయాను. చెయ్యెత్తానో లేదో గుర్తు లేదు, లైట్లు మాత్రం వెలిగాయి. ఎవరూ నవ్వలేదు, ఏమైందని కూడా అడగలేదు. అక్క నా చేతిలో నాలుగు మురుకులు పెట్టి, రిమోట్ కూడా నా చేతికే ఇచ్చి, ఆపేద్దామా, సౌండ్ తీసేసి చూద్దామా అంది. సౌండ్ తీసేశాను. శబ్దం లేకుండా చూస్తే అదొక నల్ల ఫోను, అంతే, కాస్త దుమ్ము పట్టి ఉంది. తర్వాత సౌండ్ రెండు గీతలు పెంచాను. వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. ఇంకో రెండు గీతలు. ఆ సీను ఆ రాత్రి ఆరుసార్లు చూశాం, తొమ్మిది మందిమీ, ఒక్కరు కూడా విసుక్కోలేదు. ఆరోసారి నా గుండె కొట్టుకుంది కానీ కాళ్ళు లేవలేదు. మురుకు నములుతూ కూర్చునే చూశాను.

ఇంటికి వెళ్ళే దారిలో ఒక ఆలోచన పట్టుకుంది. అదే దడ, అవే చల్లటి అరచేతులు, నాకు రోజూ వచ్చేవే. కానీ ఈ దడకు ఒక మొదలు ఉంది, మధ్యలో విశ్రాంతి ఉంది, చివర శుభం కార్డు ఉంది. నేను రమ్మంటే వచ్చింది, రిమోట్ నొక్కితే ఆగింది. నాన్న పోయాక నా ఒంట్లో దూరిన భయానికి ఇవేవీ లేవు. కౌన్సెలర్‌కి ఈ కథంతా చెప్తే ఆవిడ సినిమా పేరు అడగలేదు, రిమోట్ ఎవరి చేతిలో ఉందని అడిగారు. నా చేతిలోనే అన్నాను. అయితే వచ్చే వారం కూడా వెళ్ళండి అన్నారు. భయపడే వస్తువును కొంచెం కొంచెంగా దగ్గరికి తెచ్చుకోవడం వైద్యంలో ఉన్నదేనట. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, కుందేలంటే వణికిపోయే పీటర్ అనే మూడేళ్ళ బాబుకి ఇష్టమైన తిండి పెడుతూ, ఆ కుందేలును రోజూ కాస్త కాస్త దగ్గరికి జరుపుతూ భయం పోగొట్టిన సంగతి ఆవిడే చెప్పారు. నాకు వెంటనే మురుకులు గుర్తొచ్చాయి!

దీని మీద ఈమధ్య గట్టిగానే పరిశోధనలు జరుగుతున్నాయి. డెన్మార్క్‌లో ఆర్హుస్ విశ్వవిద్యాలయం వాళ్ళు సరదాగా భయపడటం మీదే ఒక ల్యాబ్ పెట్టారు. మన ఎగ్జిబిషన్లలో ఉండే భూత్ బంగళా లాంటిది వాళ్ళకు పెద్ద ఎత్తున ఉంటుంది, అందులోకి 110 మందిని గుండె వేగం కొలిచే యంత్రాలు కట్టి పంపితే తేలిందేమిటంటే, భయం మరీ తక్కువైనా మజా లేదు, మరీ ఎక్కువైనా లేదు, మధ్యలో ఎక్కడో మనిషికి సరిపోయే మోతాదు ఒకటుంది. 2020 ఏప్రిల్‌లో కోల్టన్ స్క్రివ్నర్, మాథియాస్ క్లాసెన్ అనే పరిశోధకులు మరికొందరితో కలిసి అమెరికాలో 310 మందిని ప్రశ్నించారు. కోవిడ్ మొదటి నెలల్లో హారర్ అభిమానుల్లో మానసిక ఒత్తిడి మిగతావాళ్ళకంటే తక్కువగా కనిపించింది. దీన్నిబట్టి సినిమా చూస్తే ధైర్యం వచ్చేస్తుందని నేను అనను, ధైర్యం ఉన్నవాళ్ళే ఆ సినిమాలు చూస్తారేమో కూడా. కానీ మనసులు పాడైపోతాయన్న మాట మాత్రం అంత తేలిగ్గా అనడానికి లేదు.

అమ్మ పోయిన సంక్రాంతికి ఇక్కడికి వచ్చి, మా శుక్రవారం గుంపును చూసి మొదట హడలిపోయింది. ఏందే ఇది, ఆడపిల్లవు, రాత్రిపూట దెయ్యాలేంది అంది. తర్వాత తనే మా మధ్యకొచ్చి కూర్చుని తన కథ మొదలుపెట్టింది. వాళ్ళ వీధిలో ఇంటింటికీ తలుపు మీద బొగ్గుతోనో సుద్దతోనో ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్న రోజులు. ఆ ఆడదెయ్యం రాత్రి తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తుందట, తలుపు తీస్తే అంతేనట, తలుపు మీద రాత చూసి వెళ్ళిపోయి మర్నాడు వస్తే మళ్ళీ అదే రాత. మా గుంపులో కన్నడ ఇంటి కోడలు ఒకామె ఉంది, బెంగళూరులోనూ 1990ల్లో తలుపుల మీద ‘నాళె బా’, అంటే రేపు రా అని రాసుకున్నారని, వాళ్ళ అత్తగారు ఇప్పటికీ చెప్తుందని అంది. నేను అమ్మకు మా కౌన్సెలర్ చెప్పిన పద్ధతి చెప్పాను. దిగులు ఎప్పుడు తన్నుకొచ్చినా, ఇప్పుడు కాదు సాయంత్రం ఆరింటికి ఆలోచిస్తాను అని ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టాలి, ఆరింటికి కూర్చుని పావుగంట మాత్రమే దాని గురించి ఆలోచించాలి, చాలాసార్లు ఆరయ్యేసరికి అందులో సగం బలం ఉండదు. అమ్మ కాసేపు ఆలోచించి, అయితే నువ్వు కూడా దానికి రేపు రా అని రాస్తున్నావన్నమాట అంది. డబ్బులిచ్చి నేర్చుకున్న విద్య అమ్మ వాళ్ళ వీధి తలుపుల మీద ఎప్పుడో ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఇక మా అభిమానుల గుంపు సంగతి. సినిమా ఒక్కటే అయితే గదిలో ఒంటరిగా ఫోన్లోనూ చూడొచ్చు, నాకు అది పనిచేయలేదు, ఒంటరిగా చూసిన రెండుసార్లూ తెల్లవార్లూ లైటు వేసుకునే పడుకున్నాను. సినిమా అయ్యాక గంటన్నర కబుర్లున్నాయి చూడండి, అసలు మందు అక్కడుంది. ఒంగోలు అబ్బాయి ఒకడు, ఆఫీసులో నోరు విప్పడు, మీటింగులో వాడి పేరు పిలిస్తే చెవులు ఎర్రబడతాయి. దెయ్యం మేకప్ దగ్గరికొచ్చేసరికి గంటసేపు మాట్లాడతాడు. పంచదార పాకంలో కాస్త మైదా, ఎర్ర ఫుడ్ కలరు, మరీ ఎర్రగా ఉంటే రక్తంలా కనిపించదని రెండు చుక్కల కాఫీ డికాక్షన్ కలిపి మా అందరి మోచేతుల మీదా గాయాలు వేశాడు ఒకసారి. నా మోచేతి మీది గాయాన్ని నేనే స్పాంజితో అద్దుకున్నాను. లోపల్నుంచి భయం ఎలా తయారవుతుందో చూశాక తెర మీద గాయం వచ్చినప్పుడల్లా డికాక్షన్ ఎక్కువైంది అని అరవడం మాకు అలవాటైపోయింది.

ఇంకొకటి. చావు జరిగిన ఇంట్లో చావు మాట ఎవరూ ఎత్తరు, అది మీకూ తెలుసు. నాన్న పేరు వస్తే అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయేది, నేను బాత్రూంలోకి. దెయ్యం సినిమాలో మాత్రం పోయినవాళ్ళ గురించే మాట్లాడాలి, ఎందుకు తిరిగొచ్చారు, ఏం చెప్పాలనుకున్నారు, ఎవరు వినలేదు. పోయిన అన్న తిరిగొచ్చే సినిమా ఒకటి చూశాక మా గుంపులో ఒకతను రెండేళ్ళుగా దాచుకున్న తన అన్న మరణం గురించి మొదటిసారి నోరు తెరిచాడు. ఆ రాత్రి ఎవరం ఇంటికి వెళ్ళలేదు. నేను కూడా నాన్న ఆఖరి ఫోను గురించి ఆ రోజే చెప్పాను.

అందరికీ ఇది పడుతుందని నేను చెప్పడం లేదు. మా పిన్ని కూతురికి అస్సలు పడదు, ఇంట్లో ఆత్మహత్య చూసిన పిల్ల, ఒక్క తాడు సీనుతో వారం రోజులు అన్నం తినలేదు. ఎవరూ లేకుండానే గొంతులు వినిపించేవాళ్ళు, చిన్నపిల్లలు వీటికి దూరంగా ఉండాల్సిందే. అంతకంటే నాకు కోపం తెప్పించేది మన సినిమాల్లో కొన్ని చేస్తున్న పని. మనసు బాగోలేని మనిషిని జుట్టు విరబోసి, గొలుసులతో కట్టి, భూతవైద్యుడితో వేపకొమ్మలు పట్టి కొట్టిస్తారు, చూసేవాళ్ళకి అదే వైద్యమనిపిస్తుంది. తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచే ఒక ఆశ్రయంలో 2001 ఆగస్టు 6న మంటలు లేస్తే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు తప్పించుకోలేక కాలిపోయారు. గొలుసులు వేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య చట్టం పూర్తిగా నిషేధించింది. దర్శకులకు ఇది తెలియదనుకోను. అదే సమయంలో, 1993 మలయాళ ‘మణిచిత్రతాళు’ కథే కన్నడలో 2004లో ‘ఆప్తమిత్ర’గా, తమిళంలో 2005లో ‘చంద్రముఖి’గా వచ్చి, దెయ్యం పట్టిందనుకున్న ఇంట్లోకి సైకియాట్రిస్టును హీరోగా పంపింది కదా, నాకు సైకియాట్రిస్టు అనే డాక్టరు ఉంటాడని చిన్నప్పుడు తెలిసింది ఆ సినిమాతోనే. సినిమాలో ఆ జబ్బు ఒక్క రాత్రి నాటకంతో నయమైపోయింది. నాకు ఏడాదిన్నర పట్టింది, మందులు డాక్టరు చెప్పేదాకా ఆపలేదు. శుక్రవారాలు ఆ మందులకు తోడుగా నిలిచాయి, వాటి బదులు వాడలేదు.

మీకు రెండు మనవులు. మీ సినిమా పేజీలో దెయ్యం సినిమాకు రేటింగ్ ఇచ్చేటప్పుడు, అందులో ఆత్మహత్య ఉందా, పసిపిల్లల చావు ఉందా, అత్యాచారం ఉందా అన్నది ఒక్క వాక్యంలో రాయండి, మా పిన్ని కూతురి లాంటివాళ్ళు చూసుకుని వెళ్తారు. ఆ వాక్యం కిందే, మనసు బాగోలేనప్పుడు ఫోను చేయడానికి ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ నంబరు 14416 వేయండి. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. అది 2022 అక్టోబరులో మొదలైంది. తెల్లవారుజామున మూడింటికి ఎవరికి ఫోను చేయాలో తెలియక నేను మంచం మీద కూర్చున్నప్పుడు ఆ నంబరు లేదు. ఇప్పుడుంది, వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
మారతహళ్ళి, బెంగళూరు