గుడ్డ అతికించిన విళ్లు కొన్నవాళ్లకు ఒక మాట

పోయిన వానాకాలంలో మన నాచారం షెడ్డులో చేసి ఇచ్చిన పద్నాలుగు విళ్లలో నాలుగు నాకు తిరిగొచ్చాయి. రెండు విరిగాయి. మిగతా రెండూ తాడు విప్పాక కూడా నిటారుగా రావడం లేదు, మూడంగుళాలు వంగే ఉన్నాయి. మీలో కొందరు "మేమే ఎక్కువ లాగామేమో" అని మొహమాటపడ్డారు. అదేం కాదు. కర్ర ఏరుకోవడంలో తప్పు నాది.

మేలో ఒకాయన రెండు ముక్కలూ గోనెసంచిలో తెచ్చి బల్ల మీద పెట్టాడు. "అన్నా, నీ బట్ట సలామత్‌గుంది, విల్లే ఇరిగింది" అన్నాడు. నవ్వొచ్చింది, ఆ తర్వాత రాత్రి నిద్ర రాలేదు. విరిగిన చోట కర్ర అడ్డంగా తెగలేదు, కలం పాళీలా ఏటవాలుగా చీలింది. అది ఆష్ అనే కర్ర పలక. పక్కనుంచి కర్రలోని నార గీతను వేలితో పట్టుకుని పోతే, ఎనిమిది అంగుళాలు పోకముందే అది గుడ్డ అతికించిన ముఖం మీదికొచ్చి ఆగిపోతోంది. చీలిక సరిగ్గా అక్కడే మొదలైంది. పైన నూలు గుడ్డ మాత్రం గీత కూడా పడకుండా ఉంది.

విల్లు లాగినప్పుడు గురివైపు ముఖం సాగుతుంది, దాన్ని వీపంటాం. మనవైపు ముఖం నలుగుతుంది, అది కడుపు. వీపు మీద నార ఈ చివర నుంచి ఆ చివరకు తెగకుండా పోవాలి. పలక కోసేటప్పుడే నార తెగితే, ఆ తెగిన చోటు విడిపోవడానికి చూస్తూ ఉంటుంది. పైన గుడ్డ వేస్తే ఆపుతుందని నేననుకున్నాను. కానీ నూలు గుడ్డ కర్ర కన్నా ఎక్కువ సాగుతుంది. దాని మీద బరువు పడేసరికి కింద కర్ర పని అయిపోయి ఉంటుంది. లేచిన పేళ్లు మీ మొహానికి తగలకుండా ఆపడమే గుడ్డ చేయగలిగింది. అది తక్కువ మేలేం కాదు, కానీ నేను మీకు అమ్మింది ఆ మాట చెప్పి కాదు.

వంగిపోయిన రెండింటి సంగతి వేరు. అవి ఆగస్టులో చేసినవి. అప్పుడు నా దగ్గర తేమ మీటరు లేదు. ఇప్పుడు కొన్నాక చూస్తే, వానల్లో షెడ్డులో పెట్టిన పలక 14 శాతం చూపిస్తోంది. విల్లుకు 8 నుంచి 10 ఉండాలి. పచ్చి తగ్గని కర్ర విరగదు, కడుపు నలిగి వంపు తిరిగి అలాగే ఉండిపోతుంది. గీకి సరిచేసి ఇవ్వమని ఒకరు అడిగారు. మందంలో పదోవంతు గీకితే బిగువు నాలుగో వంతుకు పైనే పోతుంది, లాగడానికి 40 పౌండ్ల బలం పట్టే విల్లు 29కి దిగుతుంది. అందుకే ఒప్పుకోలేదు.

ఇక నుంచి ఏం మారుతోందంటే, ముందు కర్ర. ముషీరాబాద్ టింబర్ డిపోలో నేను పలకలు ఒక్కొక్కటీ తిప్పి చూస్తుంటే ఆ భాయ్‌కి చిరాకు. "కట్ట మొత్తం తీస్కుంటే ఇస్త, ఏరుకుంటే ఇయ్య" అన్నాడు. చివరికి రేటు ఎక్కువిచ్చి ఏరుకుంటున్నా. పోయినసారి ముప్పై పలకల్లో నాకు పనికొచ్చినవి నాలుగు. తెచ్చినవాటిని పాత బల్బులు పెట్టిన ప్లైవుడ్ పెట్టెలో ఆరబెట్టి, మీటరు చూశాకే రంపం పెడుతున్నా. టేకుతో చేయమని చాలామంది అడుగుతారు. టేకులో నూనె ఉంటుంది, జిగురు సరిగా పట్టదు. తలుపులకు ఉండనివ్వండి.

వీపుకు ఇప్పుడు వెదురు బద్ద వేస్తున్నా. సాధన వెదురు గోడ మందంగా, కొన్నిచోట్ల లోపల దాదాపు బోలు లేకుండా ఉంటుంది. పై పొరకు ఆనుకున్న నారే అసలు బలం, కాబట్టి ఆ వైపు గీకను, లోపలివైపు తగ్గించి మధ్యలో 3 మిల్లీమీటర్లు, చివర్లకు ఇంకా పలుచన చేస్తా. మందం పెరిగితే ఎంత బాగుంటుందో అనుకుని మొదటిదానికి 5 ఉంచాను. వీపు గెలిచింది, కడుపు ఓడింది, సన్నటి అడ్డగీతలతో నలిగింది. వెదురుకు ఎదురు నిలవాలంటే కడుపుకు గట్టి కర్ర కావాలి. నల్లతుమ్మ బాగుంది, కానీ 68 అంగుళాల తిన్నటి తుమ్మ ఎక్కడ దొరుకుతుంది? అందుకే పిడి దగ్గర రెండు ముక్కలు అతుకుతున్నా. ఆ అతుకు కనిపిస్తుంది. కనిపించనీయండి.

మేకతోలు అడిగేవాళ్లకు అదీ వేసిస్తా. డప్పుకు వాడే రకం, పలుచనిది. పేళ్లు లేవనివ్వదు, దెబ్బలు ఆపుతుంది. వానకు తడవనివ్వొద్దు. కుక్క ఉంటే ఎత్తులో పెట్టండి, ఒకరి విల్లు చివర ఇప్పటికే నమిలేసింది.

విల్లు విరిగినవాళ్లకూ, వంగినవాళ్లకూ కొత్తది ఉచితం. మిగతా పదిమంది వీపు మీద గుడ్డ పక్క అంచు దగ్గర వేలు పెట్టి చూడండి. గీత పడినా, ఉబ్బినా లాగొద్దు, వెంటనే తీసుకురండి. వెదురు విల్లు ధర 4,500 నుంచి 6,200 అయింది, ఆరు వారాలు పడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆర్డర్లు రాసుకుంటా గానీ జిగురు పెట్టను.