మధుమేహులకు ‘తినకూడనివి’ జాబితా ఒక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

మధుమేహం ఉన్నవారి ఆహారం గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు తినదగినవి, తినకూడనివి అన్న రెండు జాబితాలతోనే ముగుస్తున్నాయి. ఎంత తినాలి, ఏ వేళకు తినాలి, వాడుతున్న మందుకూ భోజన సమయానికీ పొత్తు ఎలా కుదరాలి అన్న ప్రశ్నలకు వాటిలో చోటు దొరకడం లేదు. నా దృష్టిలో అసలు విషయం అక్కడే ఉంది.

చక్కెర మానేస్తే పథ్యం చేసినట్టేనని భావించేవారు ఎక్కువ. అన్నమైనా, రొట్టె అయినా, బంగాళాదుంప అయినా అందులోని పిండిపదార్థం అరిగాక గ్లూకోజుగానే రక్తంలో కలుస్తుంది. ‘షుగర్ ఫ్రీ’ బిస్కెట్ల ప్యాకెట్‌ను వెనక్కి తిప్పి చూస్తే, చక్కెర ఎదురుగా సున్నా ఉన్నా మొత్తం కార్బోహైడ్రేట్ల ఎదురుగా పెద్ద అంకే కనిపిస్తుంది. ఆ అంకె కూడా ప్యాకెట్ మొత్తానిది కాకపోవచ్చు. 100 గ్రాములకో, ఒక విడతకు ఇంత అని కంపెనీ లెక్కగట్టిన కొద్దిపాటి బిస్కెట్లకో అయి ఉంటుంది. (ముందువైపు మాట అంత పెద్ద అక్షరాల్లో, వెనకవైపు లెక్క చత్వారం కళ్లకు ఆననంత చిన్న అక్షరాల్లో ఉండటం కాకతాళీయమని నేను అనుకోను.)

ఒక ఆహారం రక్తంలో గ్లూకోజును ఎంత పెంచుతుందో చెప్పే గ్లైసెమిక్ ఇండెక్స్ విషయమూ ఇంతే. 1981లో టొరంటో విశ్వవిద్యాలయంలో డేవిడ్ జెంకిన్స్ బృందం ప్రతిపాదించిన ఈ సూచికను సాధారణంగా 50 గ్రాముల కార్బోహైడ్రేట్లు ఉండే మోతాదుకు లెక్కిస్తారు. సూచిక తక్కువగా ఉంది కదా అని ఆ పదార్థాన్నే రెట్టింపు తింటే ఆ మేలు కాస్తా పోతుంది. తూకాలూ లెక్కలూ కుదరని ఇళ్లకు పళ్లెం పద్ధతే నయం: సుమారు 9 అంగుళాల పళ్లెంలో సగం పిండిపదార్థం తక్కువగా ఉన్న కూరగాయలు, పావు భాగం పప్పుధాన్యాలు, గుడ్డు, చేప వంటి మాంసకృత్తులు, మిగిలిన పావులోనే అన్నమో రొట్టెయో. పండును రసం తీయకుండా పండుగానే తినడం మేలు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఉపవాసాల గురించీ, ఒంటిపూట భోజనం గురించీ ఏ హెచ్చరికా లేకుండా వచ్చే సలహాలు. ఇన్సులిన్ గానీ, ఒంట్లో ఇన్సులిన్ విడుదలను పెంచే గ్లిమెపిరైడ్ వంటి సల్ఫొనైల్‌యూరియా మాత్రలు గానీ వాడేవారు మందు వేసుకుని భోజనం మానేస్తే రక్తంలో గ్లూకోజు డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే దిగువకు పడిపోయి చెమటలు, వణుకు, తికమక మొదలై, చివరకు స్పృహ తప్పే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు స్పృహలో ఉండి మింగగలిగే మనిషికి వెంటనే 15 గ్రాముల గ్లూకోజో చక్కెరో ఇచ్చి, 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించాలి. చక్కెరను విషంగా మాత్రమే చూపించే వ్యాసాలు చదివిన కుటుంబాలు సరిగ్గా ఆ క్షణంలో చక్కెర ఇవ్వడానికి వెనకాడితే తప్పెవరిది?

కాబట్టి ఆహార నియమాలపై ప్రచురించే ప్రతి వ్యాసం పక్కనా అది ఏ మందులు వాడేవారికి వర్తిస్తుందో, మందు మోతాదు మార్చకుండా ఎవరు పాటించకూడదో నిపుణులైన వైద్యుల చేత రాయించి వేయవలసిందిగా కోరుతున్నాను. మూత్రపిండాలు దెబ్బతిన్నవారి సంగతి విడిగా చెప్పడం మరీ అవసరం. మాంసకృత్తులు, పొటాషియం విషయంలో మిగతావారికి చెప్పే మాట వారికి హాని చేయవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు