మా కుక్కల వీపు సంచి కార్డు మీది బరువు లెక్క మారింది, కొన్నవాళ్లు తప్పక చదవండి

పెద్ద కుక్కల కోసం మా దగ్గర హార్నెస్ (ఒంటికి తొడిగే పట్టీలు), వీపు సంచి తీసుకున్న అందరికీ,

సంచితో పాటు వచ్చే కార్డు మీద ఇప్పటిదాకా "కుక్క తన బరువులో నాలుగో వంతు మోయగలదు" అని ఉంది. దయచేసి ఆ మాట కొట్టేయండి. బాగా అలవాటైన కుక్క చదునైన దారిలో నడిచేటప్పుడు చెప్పే గరిష్ఠ లెక్క అది. పొద్దున ఎక్కి సాయంత్రానికి దిగే నిటారు కొండకు దాన్ని వేయడం మా తప్పు. కొత్త కార్డులో పదో వంతు అని రాశాం. అంటే 40 కిలోల కుక్కకు సంచితో కలిపి 4 కిలోలు, అంతే. ఏడాదిన్నర నిండని పెద్ద జాతి కుక్కకు ఖాళీ సంచి అలవాటు చేయండి, బరువు మాత్రం పెట్టకండి. ఎముకల చివర పెరిగే భాగం అప్పటికింకా గట్టిపడదు. మరీ భారీ జాతుల్లో రెండేళ్లు కూడా పడుతుంది.

లెక్క ఎందుకు తగ్గించామో దిగుడులో తెలుస్తుంది. ఊరికే నిలబడ్డప్పుడే కుక్క బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ల మీద ఉంటుంది. దిగేటప్పుడు ఆ భారం ఇంకా ముందుకు జరుగుతుంది. రాతి మెట్ల మీంచి దూకిన ప్రతిసారీ దెబ్బంతా భుజాలకూ మణికట్లకూ తగులుతుంది, సంచిలో ఉన్నది దానికి తోడవుతుంది. అందుకని సంచిలో నీళ్లే పెట్టండి, ముందు అవే తాగించండి. పైకి చేరేసరికి సంచి ఖాళీ అవుతుంది, దాన్ని మడిచి మీ బ్యాగులో వేసుకుని దిగండి. రెండు పక్కలా అరలీటరు సీసాలు సమానంగా సర్ది, ఒకసారి కుడివైపుది, ఒకసారి ఎడమవైపుది తీయండి. ఒక పక్కే ఖాళీ చేస్తే సంచి జారి, పట్టీ చంక కింద ఒరుసుకుని పుండు పడుతుంది. వాగు దాటాక పట్టీలు మళ్లీ చూసుకోండి. ఒంటికీ పట్టీకీ మధ్య రెండు వేళ్లు పట్టాలి, మూడు పడితే వదులు.

ఇక హార్నెస్‌కు వీపు మీద ఉండే పిడి. దాన్ని "ఎత్తే పిడి" అని ఇన్నాళ్లూ మేమే పిలిచాం. ఇకమీదట "పట్టు పిడి" అంటున్నాం. బండ ఎక్కేటప్పుడు కుక్క తూలకుండా ఆపడానికే అది. కుక్కను దానికి వేలాడదీస్తే బరువంతా ఛాతీ మీద పడి ఊపిరి అందదు. ఎత్తాలంటే ఛాతీ కిందా తుంటి కిందా రెండు చోట్లా ఆసరా ఉండాలి, దానికి స్లింగ్ (కుక్కను ఉంచి మోసే గుడ్డ ఊయల) కావాలి.

ఆ స్లింగ్ సంగతి తేల్చుకున్నాకే దారి ఎంచుకోమని మా సలహా. 2020 జులైలో ఇంగ్లండ్‌లోని స్కాఫెల్ పైక్ మీద 55 కిలోల సెయింట్ బెర్నార్డ్ డైసీ వెనక కాళ్ల నొప్పితో కదల్లేకపోయింది. ఆ శిఖరం ఎత్తు 978 మీటర్లే. అయినా దాన్ని కిందికి దించడానికి 16 మంది సహాయక దళానికి సుమారు ఐదు గంటలు పట్టింది. మీతో వచ్చేది ఒక్కరే అయితే, నిచ్చెనలూ గొలుసులూ పట్టుకుని పాకాల్సిన దారులు మానుకోండి. పైకి పాకిన కుక్క అదే బండ మీంచి కిందికి దిగనని మొరాయించడం మామూలే.

నడకకు ఎంత సమయం పడుతుందో అంచనా వేయడానికి, స్కాట్లాండ్ పర్వతారోహకుడు నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. 5 కిలోమీటర్లకు గంట, 600 మీటర్ల ఎక్కుడుకు అదనంగా ఇంకో గంట. రానుపోను 12 కిలోమీటర్లు, 900 మీటర్ల ఎక్కుడు ఉంటే దాదాపు నాలుగు గంటలు. ఇందులో ఆగే సమయం లేదు. కుక్కతో గంటకు పది నిమిషాలైనా ఆగాలి, రాళ్ల దారిలో ఇంకా నెమ్మదిస్తారు, కాబట్టి ఆరు గంటలు అనుకోండి. ఎన్నింటికి వెనక్కి తిరగాలో ఇంటి దగ్గరే రాసుకోండి.

ఎండ విషయంలో చాలామంది పొరబడేది ఒకచోట. వెయ్యి మీటర్లు ఎక్కితే వేడి సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది, నిజమే. కానీ అలసిన కుక్కతో మిట్టమధ్యాహ్నం మళ్లీ ఆ వేడిలోకే దిగుతారు. తెల్లవారకముందే బయల్దేరండి. 40 కిలోల కుక్క ఇంట్లో ఉన్నా రోజుకు రెండు లీటర్లకు పైగా తాగుతుంది. కొండకు 3 నుంచి 4 లీటర్లు పట్టుకెళ్లి, అరగంటకోసారి కొద్దికొద్దిగా పట్టండి. నాలుక వెడల్పుగా వేలాడి, చొంగ చిక్కబడి, నడక తూలితే అది వడదెబ్బ. నీడకు చేర్చి ఒళ్లంతా నీళ్లు పోసి గాలి విసరండి. తడిగుడ్డ కప్పితే వేడి లోపలే ఉండిపోతుంది. ముందు చల్లబరచండి, ఆ తర్వాతే డాక్టరు దగ్గరికి.

ఛాతీ లోతుగా ఉండే జాతులకు కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. నడక ముందూ, ఆపిన వెంటనే కూడా కడుపునిండా పెట్టకండి. ఏమీ రాకుండా ఓకరిస్తూ పొట్ట బిగుసుకుంటే ఒక్క నిమిషం ఆగొద్దు, అది ఆపరేషన్ అవసరమయ్యే స్థితి. కుంటుతోంది కదా అని మీ దగ్గరున్న ఐబుప్రోఫెన్ నొప్పి మాత్ర వేయకండి, కుక్కలకు అది విషం.

పాదాలకు నాలుగు బూట్లతో పాటు ఒకటి అదనంగా ఉంచుకోండి, అంటుకునే బ్యాండేజి చుట్ట కూడా. గంటకోసారి వేళ్ల మధ్య చూడండి.

పాత కార్డు ఉన్నవాళ్లందరికీ కొత్తది ఉచితంగా పంపుతున్నాం. 20 లీటర్ల సంచి అమ్మకం ఆపేశాం, ఎంత చెప్పినా జాగా ఉన్నంతా నింపుతారు కాబట్టి. స్లింగ్ ఉన్నవాళ్లు ఈ వారమే ఇంటి మెట్ల మీద కుక్కను అందులో ఎత్తి, పది నిమిషాలు మోసి చూడండి. కుక్కకూ అది అలవాటవ్వాలి, మీకు ఎంతమంది కావాలో కూడా తెలుస్తుంది.