రూపాయి ట్రయల్ అని చెప్పి 998 రూపాయలు తీసుకున్నారు

కావలి,
శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా.
తేదీ: 09-12-2025

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: ట్రయల్ పేరుతో ఆటోపే పెట్టి రెండు నెలలు కట్ చేసుకున్న 998 రూపాయలు తిరిగి ఇవ్వడం, చందా రద్దు చేసుకునే పద్ధతి మార్చడం, కథలు ఆపుకునే వీలు కల్పించడం గురించి.

అయ్యా / అమ్మా,

నేను కావలిలో ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. మా ఆయన కృష్ణపట్నం పోర్టు నుంచి లారీ తోలతారు, వారంలో నాలుగు రాత్రులు ఇంట ఉండరు. అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. అమ్మ నా దగ్గరే ఉంటుంది.

మొంథా తుఫాను వచ్చిన వారం, అక్టోబరు 27న, వానకు బేరాలు లేక ఫోన్ చూస్తుంటే, చిన్న చిన్న వీడియో భాగాలుగా కథలు చూపించే మీ యాప్ ప్రకటన వచ్చింది. అత్తింట్లో అవమానం పడి బయటికొచ్చిన ఒక అమ్మాయి కథ. ఒక్కో భాగం ఒకటిన్నర, రెండు నిమిషాలు. ఎనిమిది భాగాలు ఉచితంగా చూపించారు. తలుపు తెరుచుకుని ఎవరో లోపలికి వస్తున్నారు, ఆ మొహం కనబడే లోపల కథ ఆగింది. మిగతాది చూడాలంటే ఒక్క రూపాయి అన్నారు. రూపాయే కదా అని పిన్ కొట్టాను.

ఆ రూపాయితో పాటు నెలకు 499 రూపాయలు ఖాతాలోంచి దానంతట అదే కట్ అయ్యే ఆటోపేకి కూడా ఒప్పుకున్నానని నాకు తెలియదు. మీ పేజీలో '1' అన్న అంకె నా బొటనవేలంత ఉంది. 499 సంగతి దాని కింద, బూడిద రంగులో, ఇంగ్లీషులో, కళ్లజోడు పెట్టుకున్నా కనిపించనంత చిన్నగా ఉంది. కథ తెలుగులో, ప్రకటన తెలుగులో, 'చూడండి' అన్న బటన్ తెలుగులో ఉన్నాయి. డబ్బు మాట ఒక్కటే ఇంగ్లీషులో ఎందుకుంది? దీనికి మీరు జవాబు చెప్పాలి.

నవంబరు 3న 499 పోయాయి. ఒకరోజు ముందు మెసేజ్ వచ్చిన మాట నిజమే, కాదనను. 24 గంటల ముందు చెప్పాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది కాబట్టి అది వచ్చింది. కానీ లోన్లు ఇస్తామనీ లాటరీ తగిలిందనీ రోజూ వచ్చే ఇంగ్లీషు మెసేజుల మధ్య అదీ ఒకటిగా పోయింది. నవంబరు 12న నేను మీ యాప్ తీసేశాను. అంతటితో అయిపోయిందనుకున్నాను. డిసెంబరు 3న మళ్లీ 499 పోయాయి. ఈసారి మా అబ్బాయి చూశాడు. "ఏందిమా, యాప్ తీసేస్తే ఆటోపే పోదు, అది వేరేగా క్యాన్సిల్ చెయ్యాల" అన్నాడు. ఈ ఒక్క వాక్యం మీరు ఎక్కడా చెప్పలేదు.

మర్నాడు చందా రద్దు చేద్దామని యాప్ మళ్లీ వేసుకున్నాం. చేరడానికి ఒక బటన్, ఒక పిన్ సరిపోయాయి. వెళ్లిపోవడానికి ప్రొఫైల్‌లోకి, అక్కడి నుంచి సెట్టింగుల్లోకి, సహాయంలోకి, ప్లాన్ వివరాల్లోకి తిప్పారు. చివర్లో ఒక పేజీ వచ్చింది. దాని నిండా ఆ కథలో అమ్మాయి ఏడుస్తున్న ఫొటో. కింద "నన్ను ఇలా మధ్యలో వదిలేస్తారా?" అని రాసి ఉంది. 'ఉంటాను' అన్నది పెద్ద ఎర్ర బటన్, 'వెళ్తాను' అన్నది వెలిసిపోయిన చిన్న అక్షరాలు. వెళ్తాను నొక్కితే సగం ధరకు ఇస్తామన్నారు. అదీ వద్దంటే పేజీ తిరిగి తిరిగి మొదటికే వచ్చింది. చివరికి మా అబ్బాయి యూపీఐ యాప్‌లోని ఆటోపే జాబితాలోకి వెళ్లి, అక్కడ పిన్ కొట్టించి రద్దు చేశాడు. ఇంట్లో చదువుకున్న పిల్లవాడు లేకపోతే నా సంగతేమిటి? మా వీధిలో ఫోన్ చూసే ఆడవాళ్లలో సగం మంది ఆ పేజీ దాకా కూడా పోలేరు.

2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ డార్క్ ప్యాటర్న్‌ల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. 13 రకాల మోసపు పద్ధతులను అందులో పేర్లు పెట్టి చెప్పారు. చందాలో ఇరికించి బయటపడే దారి కష్టం చేయడం, రద్దు చేసే చోటు దాచడం, వద్దన్న మనిషికి తప్పు చేస్తున్నట్టు అనిపించేలా మాట్లాడటం, ఒక బటన్‌ను మెరిపించి రెండోదాన్ని మసకబార్చడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. మా అబ్బాయి చదివి వినిపిస్తుంటే మీ పేజీలను ఒక్కొక్కటిగా చూస్తున్నట్టే అనిపించింది.

డబ్బు సంగతి ఇది. 499 అంటే నాకు దాదాపు రెండు లైనింగ్ బ్లౌజుల కూలి. అయితే ఈ ఉత్తరం డబ్బు కోసమే రాయడం లేదు. నవంబరు 12న యాప్ ఎందుకు తీసేశానో కూడా మీకు తెలియాలి.

ముందురోజు రాత్రి ఒక పెళ్లికూతురి పట్టు బ్లౌజు కటింగ్ పెట్టుకున్నాను. ఫోన్‌ను దారపు ఉండల డబ్బాకు ఆనించి మీ కథ పెట్టాను. ఒక భాగం అయిపోగానే ఇంకోటి దానంతట అదే మొదలవుతుంది. బ్లౌజు చేతికి ముందువైపు చంక లోతు ఎక్కువ, వెనకవైపు తక్కువ. అంచు ఉన్న గుడ్డ కాబట్టి ఒక్కో చెయ్యీ విడిగా కత్తిరించాలి, రెండోదానికి పేపరు తిప్పి వేయాలి. జరీ అంచుకు లోపలివైపు దారాలు తేలి ఉంటాయి, గుడ్డను తిరగేసి వాడటానికి లేదు. నా కళ్లు ఫోన్‌లో ఉన్నాయి. పేపరు తిప్పలేదు. రెండూ ఎడమ చేతులే తెగాయి. చీరతో వచ్చిన ముక్క అది, బజారులో ఇంకోటి దొరకదు. తెల్లారి ఆ అమ్మాయి వచ్చి గుడ్డ చూసి "అక్కా, ఎల్లుండే గదా పెళ్లి" అని అక్కడే కూలబడింది. మిగిలిన పీలికలు వెతికి, చంక కింద అతుకు వేసి, అంచు కలిపి రాత్రంతా కూర్చుని కుట్టాను. కూలి తీసుకోలేదు. పెళ్లిలో ఆ అమ్మాయి కుడిచెయ్యి ఎత్తకుండా జాగ్రత్త పడుతుంటే చూశాను. పద్దెనిమిదేళ్లలో నా చేతి మీద ఇలాంటి మాట రాలేదు.

కత్తెర నా చేతిలో ఉంది, తప్పు నాదే. ఆ అమ్మాయికి కూడా అదే చెప్పాను. కానీ ఒకటి అడుగుతాను. నేను కుట్టు నేర్చుకున్నది రేడియో వింటూ. రేడియో చెవులు తీసుకునేది గాని కళ్లు నాకే వదిలేది. వివిధ భారతిలో పాట నడుస్తుంటే మిషన్ దాని దారిన అది నడిచేది. టీవీ వచ్చాక కూడా సీరియల్ అయిపోగానే లేచి అన్నం పెట్టుకునేవాళ్లం, మళ్లీ రేపే కాబట్టి. మీ యాప్‌లో రేపు లేదు. ఆ కథ 72 భాగాలు. మొత్తం కలిపితే ఒక సినిమా అంత. సినిమా అయితే ఇంటర్వెల్ ఉండేది, లేచి వెళ్లేదాన్ని. మీ దాంట్లో రెండు నిమిషాలకొకసారి ఒక చెంపదెబ్బో, పడిపోయిన ఉత్తరమో, తెరుచుకునే తలుపో ఉంటుంది. మనిషి లేచే చోటు ఎక్కడుందో చూసి మరీ ఆ చోటు మూసేశారు.

మా అమ్మ పెట్టెలో ఇప్పటికీ కొన్ని పుస్తకాలున్నాయి. అచ్చువి కావు. వారపత్రికలో వచ్చిన సీరియల్ నవలల పేజీలు వారం వారం చింపి, వరుసగా పేర్చి, దబ్బనంతో పురికొస ఎక్కించి తానే కుట్టుకున్నది. పత్రిక ఒక ఇంటికి వచ్చేది, ఐదిళ్లు తిరిగేది. ప్రతి ముక్క చివర కుడిపక్క 'సశేషం' అని ఉండేది. ఆ మాట దగ్గర ఆగి, వారమంతా బోరింగు దగ్గర నీళ్లు కొట్టుకుంటూ, ఆ పిల్ల పెళ్లికి ఒప్పుకుంటుందా లేదా అని వాదించుకునేవాళ్లట. మొన్న అడిగితే, కథ కంటే ఆ వాదనలే బాగా గుర్తున్నాయంది అమ్మ. మీ కథ నేను 58 భాగాలు చూశాను. దాని గురించి ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడలేదు. మాట్లాడటానికి మధ్యలో వ్యవధి ఏది?

నేను ఫోన్లకు వ్యతిరేకిని కాదు. మా ఆయన లేని రాత్రుల్లో మీ కథలు నాకు తోడుగా ఉన్నాయి, అది కాదంటే అబద్ధం చెప్పినట్టే. కొత్త మెడ డిజైన్లు ఫోన్‌లో చూసే నేర్చుకున్నాను. అమ్మకు కళ్లు కనబడక చదవడం మానేసింది, ఇప్పుడు హరికథలు పెట్టించుకుని వింటుంది. భాగవతార్ మంగళం పాడగానే ఫోన్ నా చేతికిచ్చి పడుకుంటుంది. కథ చెప్పేవాళ్లే ముగింపు చెబితే, వినేవాళ్లకు లేవడం తేలిక. నాకు కావలసింది అంతే.

కాబట్టి మిమ్మల్ని అడిగేది ఇది. నవంబరు 3న, డిసెంబరు 3న తీసుకున్న 998 రూపాయలు నా ఖాతాకు తిరిగి వేయండి. మొదటి రూపాయి ఉంచుకోండి, దానికి కథ చూశాను. నెలకు ఎంత పడుతుందో పిన్ కొట్టే ముందు తెలుగులో, ఆ '1' ఎంత ఉందో అంత సైజులో చూపించండి. చేరే బటన్ పక్కనే రద్దు బటన్ పెట్టండి, యాప్ తీసేసే వాళ్లకు ఆటోపే ఇంకా నడుస్తోందని తెలుగులో మెసేజ్ పంపండి. తర్వాతి భాగం దానంతట అదే మొదలవడం ఆపుకునే మీట మొదటి పేజీలోనే ఇవ్వండి. ఐదు భాగాలు చాలు, పది చాలు అని చూసేవాళ్లే ముందే పెట్టుకునే వీలుంటే ఇంకా మంచిది. రాత్రి పదకొండుకు "ఆమె మీ కోసం ఎదురుచూస్తోంది" అని మెసేజులు పంపడం మానండి. ఆ మెసేజ్ మోగితే పక్కన చదువుకుంటున్న మా వాడు కూడా తలెత్తి చూస్తున్నాడు.

మీ చాట్‌లో నాలుగుసార్లు రాశాను, నాలుగుసార్లూ ఒకటే ఇంగ్లీషు జవాబు వచ్చింది. అందుకే ఈ ఉత్తరం. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అప్పటికీ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను. ఆ తర్వాత నెల్లూరులో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. నేనుండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. అంతదాకా పోవాలని నాకు లేదు, బేరాలు వదులుకుని తిరగాలి. కానీ పోతాను.

రెండు నెలల బ్యాంకు మెసేజులు, మీ రద్దు పేజీల ఫొటోలు జత చేశాను. జవాబు తెలుగులో ఇవ్వండి. ఫోన్ చేసేటట్లయితే మధ్యాహ్నం రెండు దాటాక చేయండి. పొద్దున కటింగ్ పెట్టుకుంటాను, ఆ టైములో ఫోన్ ఇప్పుడు పక్క గదిలో ఉంటుంది.

ఇట్లు,
మీ చందాదారు,
కావలి.